గరుకు

ఎండెక్కకముందే మొదలుపెట్టాలి ఈ పని.
కోర్తెస్ సముద్రం ఇంకా తగరపు రేకులా పడుంది,
వెనకాల ముళ్లచెట్ల ఎడారి
చలికి ముడుచుకునే ఉంది.
ఎనిమిది దాటిందా,
రెజిన్ డబ్బాలోనే ఉడికిపోతుంది.
బ్రష్షు అందులోనే బిగుసుకుని
ఎందుకూ పనికిరాని గరిటె అవుతుంది.

ఇలారియో తన ఫైబర్ పడవని
నిన్న సాయంత్రం ఇసుకలో బోర్లించి వెళ్లాడు.
రాయి తగిలిందట.
రాయి ఎప్పుడూ అక్కడే ఉంటుంది,
నీ నిద్రే కొత్తగా వచ్చుంటుంది, అని
అనబోయి ఊరుకున్నాను.
చిల్లు అరచేయంత.
"ఇంతే కదా ఓబ్దూలియా, ఓ అతుకేసెయ్,
శనివారం సొరలకి పోవాలి."

ఇంతే కాదు.
అరచేతి చిల్లు చుట్టూ
మూరెడు మేర చెక్కాలి,
పళ్లెం అంచులా, వాలుగా.
నున్నటిదాని మీద ఏదీ నిలవదు.
మానాలంటే ముందు గాయాన్ని పెద్దది చెయ్యాలని
మా అన్న నబోర్ మొదటిసారి చెప్పినప్పుడు
డబ్బుల కోసం పని పెంచుతున్నావని తిట్టాను.

గ్రైండర్ పెట్టాను.
నీలం పోయింది.
కింద ఆకుపచ్చ, ఇలారియో మామగారి కాలం నాటిది.
దాని కింద ఎరుపులో సగం అక్షరం,
ఏ ఆడమనిషి పేరు మొదలో ఇక తెలీదు.
ఇంకా కింద
తేనెరంగు పాత అతుకు.
నాది కాదు.
మూలన, గాజుగుడ్డ మడత తిరిగిన చోట,
చేతొడుగు లేకుండా ఎవరో అదిమిన బొటనవేలు.
గీతలన్నీ ఉన్నాయి,
వాటికి అడ్డంగా ఒక కోత.

ఆ కోత నాకు తెలుసు.
చేపలకత్తి జారిన రోజు
దాని మీద నిమ్మకాయ పిండింది నేనే.
సముద్రం అతని పడవనిచ్చేసింది,
ఒక బూటునిచ్చింది,
ఐసుపెట్టె మూత కూడా ఇచ్చింది.

గ్రైండర్ ఆపాను.
కుక్క వచ్చి వాసన చూసి, తుమ్మి, పోయింది.
ఆ వేలంత మేర వదిలేసి
చుట్టూ తిరిగి పోతే?

పొర విడిచేది సరిగ్గా అక్కడే.
నీళ్లు దారి వెతుక్కునేదీ అక్కడే.
సూర్యుడు నీళ్ల మీద జానెడు లేచాడు.
ముక్కుగుడ్డ బిగించుకుని
మీట నొక్కాను.

ఆ తర్వాత అంతా చేతుల పని.
గట్టిపడే మందు చుక్కలు లెక్కపెట్టడం,
చిన్న ముక్క, దాని మీద పెద్దది, ఇంకా పెద్దది,
తెల్లటి గుడ్డ తడిసి గాజై
కనపడకుండా పోయేదాకా రోలరు తిప్పడం,
బుడగ కనిపిస్తే తరిమి తరిమి అంచుకి తేవడం.

ఇలారియో శనివారమే వెళ్లాడు.
లోపల చుక్క తడి లేదన్నాడు,
సగం డబ్బులే ఇచ్చాడు.

ముంజేతుల్లో గాజునలుసులు
ఇంకా చురుక్కుమంటున్నాయి.
ఏవి కొత్త గుడ్డవో, ఏవి ఆ అతుకువో.
గోకకు, ఇంకా లోపలికి దిగుతాయి,
అనేవాడు నబోర్.
గోకుతున్నాను.