చేటెడు తవుడు

"సూది వెయ్యనా?" అని అడిగాను గానీ
ఈ ఆవు పేడ ఎవరు తింటారని అడగలేదు.

గరివిడి దాటాక జీడితోటల్లోంచి మట్టిదారి,
దాని చివర పెంటమ్మ సాల.
రెండు ఆవులు, ఒక పెయ్య, ఒక చూడి గేదె.
పెద్దావు చెవుల్లో గోమార్లు
ఉబ్బిన ఆముదం గింజల్లా.
తోలు కింద మందు ఎక్కించి
"వారంలో రాలిపోతాయి" అన్నాను.
నేను డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పినా
"డాక్టరు బాబూ" అనే అంటుంది.
ఆ పిలుపు నాకూ కొంచెం ఇష్టమే.

గోమార్లు రాలాయి.
పదో రోజు ఫోను:
"ఆవు బాగుంది బాబూ.
నా పిల్లలే సచ్చిపోతన్నారు."

పిల్లలంటే పురుగులు.
సాల వెనక గోగుకట్టెల దడి,
దడిలో నీలం దోమతెర,
తెరలో నల్లటి ఈగలు.
ఈగల్ని బయట ఆపే తెరలే చూశానిన్నాళ్లూ,
లోపల దాచుకునే తెర ఇదే.

ట్రైనింగువాళ్లు సోల్జర్ అన్నారట,
ఆమె నోట్లో అది సిపాయి ఈగ అయింది.
ఇంటికొక మిలట్రీవాడున్న వీధి కదా,
"ఏ రెజిమెంటే మీ ఈగది?" అంటాడు
పింఛను పుచ్చుకునే పోలినాయుడు.
"రేషనడగని రెజిమెంటు."

నిజమే. రెక్కలొచ్చాక ఇది తినదు.
మన అన్నం మీద వాలదు, పుండు మీద వాలదు.
వారం రోజుల బతుకులో
ఎండ చూసుకుని జతకడుతుంది,
చెక్కల సందున వందల గుడ్లు దూర్చి
పక్కకి ఒరిగిపోతుంది.
తినాల్సిందంతా చిన్నప్పుడే తినేసింది,
ఆవు వద్దని వదిలేసిన దాన్ని.

"ఓటలు ఎంగిలి ఎయ్యమన్నారు, పేడలో బలం లేదంట.
ఎంగిలికి సీపురుపల్లి ఎల్లాల.
పేడ నా గుమ్మంలోనే పడతాది."
అందుకని పేడలో కోళ్లగూటి ఊడ్పు, పిడికెడు తవుడు.

పోయిన నెల ఒక తొట్టిలో నా చెయ్యి పెట్టించింది.
జొరమొచ్చిన పసిగుంట వీపులా వెచ్చన.
చెవి వంచితే ఎసరు మరిగే చప్పుడు.

ఇవాళ ఆ తొట్టి చల్లగా ఉంది.
పేడ పేడలాగే ఉంది.
దానిలో నానిన బియ్యంలా
కదలని తెలుపు.

నా సూది ఆవులోంచి నడిచి ఇక్కడికొచ్చింది.
పాలు ఎన్నాళ్లు తాగకూడదో సీసా మీద చూసి చెప్పాను,
పేడ సంగతి నాకే తట్టలేదు.
తప్పయిపోయిందమ్మా అన్నాను.
ఆమె తొట్టిని దిబ్బవైపు ఈడ్చుకెళ్తూ
"నా పేరేటనుకున్నావు?" అంది.

ముందు పుట్టిన ముగ్గురు దక్కలేదట.
నాలుగో పిల్లకి బొడ్డు కొయ్యగానే
చేటలో పడుకోబెట్టి గెత్తం మీద వదిలేశారు.
మంత్రసాని వెళ్లి ఎత్తుకొచ్చి
"దిబ్బ మీద దొరికింది, కొంటారా?" అని గుమ్మంలో నిలబడితే
కన్నతల్లే చేటెడు తవుడు కొలిచి
కొనుక్కుంది.
చావు తొంగిచూసి
పెంటే కదా అనుకుని వెళ్లిపోయిందట.

"బళ్లో నా పేరుకి ముక్కు మూసుకునీవోరు.
నన్ను ఉంచింది గెత్తం బాబూ, మీ సూది కాదు."
నవ్వుతూనే అంది. నేను నవ్వలేదు.

గేదెకి సూది వెయ్యలేదు, దాని తొట్టి బతికింది.
వాన పట్టుకుంటే ఆ రాత్రి సాలలోనే ఉండిపోయాను.
ముదిరి నల్లబడ్డ పురుగులు
ఏటవాలు చెక్కెక్కి, అంచు దాటి
బకెట్లో పడుతున్నాయి.
టప్.
కాసేపాగి, టప్.
ఎవరూ తోలడం లేదు.

ఇప్పుడు నా సంచిలో ఒక నోటుబుక్కు.
ఏ ఆవు, ఏ మందు, ఏ తేదీ,
పేడ ఎవరికి.
చివరిది అడిగితే జనం నవ్వుతారు.

ఆ తెల్లారి బకెట్టు చుట్టూ కోళ్లు మూగాయి.
వాటికి కనపడకుండా పెంటమ్మ
రెండు దోసిళ్లు చేటలోకి తీసింది,
పైన తవుడు జల్లింది.