కొంగ కన్ను

పాలిష్ యూనిట్‌లో తెల్లబురద తోడటం నా పని.
రాయి నల్లది, లోపలంతా చుక్కలు.
కోస్తే మాత్రం పాలలాంటి బురద కారుద్ది.
ఆ బురదే నాకు అన్నం. ముందే చెప్తున్నా,
తర్వాత ఎవరూ అడక్కుండా.

అది ఎండి దుమ్మై లేస్తుందనీ,
రాత్రిళ్లు టిప్పర్లు దాన్ని మా వాగులో పోస్తాయనీ
మాకు తెలియక కాదు.
తెలుసు.
జూన్ నెలలో బ్యానరు కట్టి, మైకులో మాట్లాడి,
తలా ఒక మొక్క చేతిలో పెట్టి పోయినోళ్లకీ తెలుసు.
తెలిసి తెలిసి దగ్గుతున్నాం.

మా ఎస్తేరు తొమ్మిదో తరగతి.
మూల విరిగిందని పారేసిన పలకొకటి
చీమకుర్తి రోడ్డులో వాచ్‌మన్‌ని బతిమాలి ఇంటికి చేర్చింది.
నా కొంగున అంటిన దుమ్ము దాని మీద దులిపి
వేలితో కొంగను గీసింది.
పగిలిన సెల్లుతో ఒక ఫొటో. చెరిపేసింది.
కాలు వెంట్రుకవాసి జరిపి మళ్లీ గీసింది. మళ్లీ ఫొటో.
"సెకనుకి పన్నెండు బొమ్మలు కావాలంటమా,
మస్తాన్ సారు చెప్పాడు."
"మరి అన్నమెప్పుడు తింటావే?"
సెలవలన్నీ ఆ పలక మీదే అరిగిపోయాయి.

అక్టోబరు రెండు. కోరం లేక
పొద్దుటి గ్రామసభ సాయంత్రానికి పడింది.
చర్చి ప్రొజెక్టరు అడిగి తెచ్చారు.
పంచాయతీ గోడ మీద చీకటి, చీకట్లో చుక్కలు,
అవి నిజం రాతిచుక్కలే.
వాటి కింద మా వాగు. వాగులో తెల్లకొంగ.
అది నడుస్తుంటే అందరూ నవ్వారు,
అచ్చం రేషన్ డీలరు నడకేనని.
డీలరూ నవ్వాడు.

అప్పుడు టిప్పరొచ్చింది.
వెనక నంబరుంది. నాలుగంకెలూ.
నవ్వు ముందువరసలో ఆగి, వెనక్కి పాకుతా ఆగింది.
ఆ బండి ఎవరి బావమరిదిదో
తెలియని మనిషి అక్కడ లేడు.
తెల్లగా పోసింది. పోస్తానే ఉంది.
నీళ్లు తెలుపు, గట్టు తెలుపు, ఆకాశం తెలుపు,
తెలుపులో కొంగ కలిసిపోయింది.
ఒక్క నల్లచుక్క మిగిలింది. కన్ను.
ఒకసారి మూసి, తెరిచింది.
అంతే. నిమిషం పంతొమ్మిది సెకన్లు.

చెంచమ్మవ్వ లేచింది,
ఆ వాగులో నలభై ఏళ్లు గేదెల్ని కడిగిన మనిషి.
"కొంగ ఏదిరా?"
"బొమ్మవ్వా అది" అన్నాడు సర్పంచి.
"బొమ్మేలే. ఏదీ?"
ఇది అజెండాలో లేదన్నాడు సెక్రటరీ.
"రాయి" అంది అవ్వ.
మా ఊళ్లో ఆ మాటకి ఇన్నాళ్లూ ఒకటే అర్థం.

నేను కూచునే ఉన్నా,
రేపు గేటు దగ్గర నన్ను ఆపుతారా అని లెక్కేసుకుంటా.
పక్కన టిప్పరు క్లీనరు ప్రకాశరావూ కూచునే ఉన్నాడు.
వాడు లేచాక నేను లేచాను.
ఇదీ చెప్పాలి.

సోమవారం ఒంగోలు. కలెక్టరాఫీసు వరండాలో క్యూ.
ఇంటికొక అర్జీ, తొంభై ఆరు కాగితాలు.
"ఎనిమిది సెకన్లు" అంది ఎస్తేరు.
కట్ట అంచు బొటనవేలికింద గబగబా జార్చింది.
ఒక్కో కాగితంలో ఒక్కోచోట పడిన వేలిముద్ర,
నల్లగా, అదురుతా,
అటూ ఇటూ చూస్తా.
క్యూలో ముందున్న ముసలాయన, ఎవరో కనిగిరి మనిషి,
"ఇంకోసారి ఆడించు పాపా" అన్నాడు.

నోటీసు వచ్చింది. టిప్పర్లు పదిరోజులు ఆగి
లైట్లు ఆర్పుకొని మళ్లీ వచ్చాయి.
గట్టు మీద ఇప్పుడు వంతులున్నాయి,
టార్చిలైటూ, నంబర్లు రాసుకునే పుస్తకమూ ఉన్నాయి.
నాది బుధవారం.
పని పోలేదు ఇంకా. కొంగ రాలేదు ఇంకా.
నిద్ర రాకుండా వేలితో మట్టిలో ఏదో గీస్తుంటాను,
బాగుండదు, చెరిపేస్తాను,
కాస్త జరిపి మళ్లీ గీస్తాను.