పెట్టె నంబరు నూట పదిహేడు

ఇరవై రెండేళ్లుగా ఈ పోస్టాఫీసు కిటికీ వెనకే ఉన్నాను.
నార్త్ డకోటా గాలి తలుపును తోసినప్పుడల్లా
వచ్చిందెవరో తలెత్తకుండానే చెప్పగలను,
బూట్ల మంచు దులిపే చప్పుడును బట్టి.

వర్లీన్ టూ హార్ట్స్ మూడుసార్లు దులుపుతుంది.
మూడోసారి మెల్లగా. మోకాలి నొప్పి.
ఆమె పెట్టె నూట పదిహేడు.
ఇత్తడి తలుపు, కొంచెం వంగిన తాళంచెవి.

మనవడు డారిల్ ఎడారి నుంచి రాసిన నాలుగు ఉత్తరాలు,
ఐదో ఉత్తరానికి బదులు వచ్చిన పతకం,
కరెంటు బిల్లులు, పన్ను కాగితాలు,
కోర్టువాళ్లు జ్యూరీకి రమ్మన్న పిలుపు,
ఒక్కటీ దారి తప్పలేదు.
ప్రభుత్వానికి ఆమెతో పని పడ్డప్పుడల్లా
తిన్నగా నూట పదిహేడుకే వచ్చింది.

ఈ ఏడు ఆకులు రాలే వేళకు
చట్టం మాట మార్చింది.
పెట్టె ఇల్లు కాదట.
లకోటా మీద సరిపోయే చిరునామా
లకోటా మనిషికి సరిపోదట.
వీధి పేరు కావాలి, ఇంటి నంబరు కావాలి,
అవి లేని కార్డుకు ఓటు లేదు.

మా దగ్గర వీధి అంటే
కంకర రోడ్డు అయిపోయాక కుడికి తిరిగి,
కాలిపోయిన ట్రాక్టరు దాటి,
నీళ్ల ట్యాంకు వీపు కనిపించేదాకా పోవాలి.
కుక్క మొరిగితే అది లియోనా ఇల్లు.
మొరగకుండా వెంట నడిస్తే వర్లీన్‌ది.
ఇదంతా ఏ గడిలో పడుతుంది?

నేను ఉద్యోగిని.
గోడ మీద ఒక చీటీ అంటించకూడదు, ఒక ముక్క అనకూడదు.
మింగలేక కక్కలేక
ముద్రలు మాత్రం గట్టిగా కొట్టాను ఆ వారమంతా.

తెగ ఆఫీసులో రెండు బల్లలు జోడించి పటం పరిచారు.
"మీ ఇల్లెక్కడ, అమ్మమ్మా?" అన్నాడు జడ వేసుకున్న కుర్రాడు.
ఆమె చూపుడువేలు ఆనించింది.
ఆ వేలి కింద మూడు మైళ్లు, ఒక వాగు,
వాళ్లమ్మను పాతిన దిబ్బ, అన్నీ పట్టాయి.
కుర్రాడు వేలిని ఓపిగ్గా పక్కకు జరిపి
పెన్సిలుతో ఒక చుక్క పెట్టాడు,
చుక్కకు ఒక నంబరు ఇచ్చాడు.
"రోడ్డు పేరు?"
"దానికి పేరెందుకు? అది ఎక్కడికీ పోదు, ఇంటికొస్తుంది."
నవ్వి, ఏదో పక్షి పేరు రాశాడు.

కార్డులు అచ్చువేసే యంత్రం చీకటి పడ్డాక మొరాయించింది.
చలిలో ఎవరూ వరస వదల్లేదు.
ఒకరి ఫ్లాస్కు ఇంకొకరి చేతికి,
అలా చివరిదాకా వెళ్లి ఖాళీగా తిరిగొచ్చింది.

ఓర్విల్ మాత్రం చుక్క పెట్టించుకోలేదు.
"మేమెక్కడున్నామో మాకు తెలుసు.
వచ్చినవాళ్లు చెప్పాలి, తామెక్కడున్నారో."
పాత కార్డు పట్టుకుని నలభై మైళ్లు వెళ్లాడు.
నలభై మైళ్లు వెనక్కి వచ్చాడు.
మర్నాడు నా దగ్గర స్టాంపులు కొన్నాడు,
జెండా బొమ్మవి వద్దన్నాడు.
పువ్వులవి ఇచ్చాను. లెక్క తప్పి ఒకటి ఎక్కువిచ్చాను.

వర్లీన్ వచ్చింది, కోటు మీద ఓటేసిన స్టిక్కరుతో.
"ఈ కొత్త నంబరుకు ఉత్తరాలొస్తాయా?"
"రావు. బండి అంత దూరం పోదు."
"మరి దేనికిది?"
"ఓటుకు."
"ఓహో," అంది, "రెండేళ్లకొక రోజు
నాకు ఇల్లుంటుందన్నమాట."

ఇత్తడి తలుపు తెరిచింది.
లోపల ఎన్నికల కార్యాలయం లకోటా,
పదిరోజులు ఆలస్యంగా.
అక్కడే చించి, నాకు వినపడేలా చదివింది:
పోస్టు పెట్టె నంబరు చిరునామాగా చెల్లదు, గమనించగలరు.
లకోటా తిప్పి నాకు చూపించింది.
దాని మీద టైపు చేసి ఉంది స్పష్టంగా,
నూట పదిహేడు.

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి,
గాలికి కొట్టుకుంటున్న తలుపు సందులో
గట్టిగా దూర్చి వెళ్లింది.

ఇప్పటిదాకా ఆ తలుపు
మళ్లీ చప్పుడు చేయలేదు.