ఎడమచేతి రాత

గుడి అమ్ముడుపోయింది.
వచ్చే వేసవికల్లా గంటగోపురంలో కూడా
ఎవరో కాపురముంటారట.
నేలమాళిగ ఖాళీ చేయడానికి మిగిలింది ఏడుగురం,
మంచు బూట్లతో, అట్టపెట్టెలతో.

నా వంతుకొచ్చిన అరలో
విచారణ సాయం పద్దులు, నలభై మూడు పుస్తకాలు.
షికాగో ఆకలి
ఇలా తోలు అట్టల మధ్య గళ్ళు గీసుకుని
బుద్ధిగా కూర్చుని ఉంటుందని నేననుకోలేదు.

పద్దెనిమిది వందల తొంభై నాలుగు, ఫిబ్రవరి.
సంఘం తరఫున ఇల్లిల్లూ తిరిగినాయన
కొర్నీలియస్ టూహీ, గుర్రాల దాణా వర్తకుడు.
ఆదివారం పూజయ్యాక తలుపు తట్టి
ముందు పొయ్యి చూసేవాడు,
తర్వాత మంచం కింద.
కుడికి వాలిన ముత్యాల్లాంటి అక్షరాలు:

"వధశాలలో భర్త కాలు పోయింది. యోగ్యులు. బొగ్గు అర టన్ను."
"ఇంట్లో పియానో ఉంది. అయోగ్యులు."
"పెద్దవాడికి బూట్లు. చిన్నవాడు బయటికి వెళ్ళడు గనక అక్కర్లేదు."
"జర్మన్లు. వాళ్ళ గుడికే వెళ్ళమన్నాను."

నవ్వొచ్చింది.
నూట పన్నెండో పేజీ దాకా.

"పెట్రోనెలే, లిథువేనియా మనిషి. విధవ. నలుగురు పిల్లలు.
నోట సారా వాసన. పూజకి రాదు.
అయోగ్యురాలు."

మా తాతమ్మ.

పంది పేగులు కడిగి కడిగి పగిలిన చేతులకి
సారా రాసుకునేదని మా ఇంట్లో ఒక కథ.
తాగి కూడా ఉండొచ్చు.
ఆ గదిలో, ఆ చలిలో, నేనైతే తాగుదును.

పుస్తకం మూయబోతుంటే కనిపించింది
అంచున పెన్సిలు గీతలాంటిది.
గీత కాదు, రాత.
ఎడమకి ఒరిగి, ఎదురుగాలికి నడిచే మనిషిలా:

"చీకటి పడ్డాక రెండు బస్తాలు పంపాను. లెక్కలో రాయకండి."

వెనక్కి తిప్పాను. ఎక్కడ అయోగ్యులో అక్కడల్లా ఆ పెన్సిలే.
"పియానో పిల్లకి క్షయ. పాలు."
"చిన్నవాడికీ బూట్లు. పాతవే."
"జర్మన్లకీ చలేస్తుంది."

సిస్టర్ ఎమెరెన్షియాకి తొంభై ఒకటి.
చక్రాల కుర్చీలోంచి వంగి, కళ్ళజోడు పైకెత్తి,
పేజీని కాసేపు వాసన చూసినట్టు చూసింది.
వంటింట్లో ఒకామె ఉండేదట, తనకంటే చాలా ముందు.
ఎడమచేత్తో రాస్తుందని చిన్నప్పుడు బడిలో
వేళ్ళమీద కొట్టారట.
పేరా?
"నాకు చెప్పినవాళ్ళకే తెలీదమ్మా."

పైన గోడమీద దాతల పాలరాతి పలక ఉంది.
టూహీ గారు మూడో వరసలో, బంగారు పూతతో.
ఆ పలక కొత్త యజమానులకి నచ్చిందట,
ఉంచుకుంటారట.

కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని సువార్త.
ఇక్కడేమో
ఎడమచేయి చేసింది కుడిచేతికి తెలియలేదు
అని రాసి ఊరుకుందామనుకున్నాను.
కానీ లెక్కలు ఊరుకోవు కదా.

డిసెంబరు ముప్పై ఒకటి. సంవత్సరాంతపు తూకం.
బొగ్గు: ముప్పై ఏడు బస్తాలు తక్కువ.
పక్కన "కారణం" అని ఒక గడి.
అందులో, ఏ తడబాటూ లేకుండా,
కుడికి వాలిన ముత్యాలు:

"ఎలుకలు."

ఎంతసేపు అలా నించున్నానో.
మంచం కింద కూడా వెతికే మనిషి
ఆ ఒక్క మాట రాయడానికి
కలం ఎన్నిసార్లు సిరాలో ముంచాడో.
పోనీ, నిజంగానే ఎలుకలనుకున్నాడేమో.
బొగ్గు తినే ఎలుకలు.

మధ్యాహ్నం మేత్రాసనం వాళ్ళ బండొచ్చింది.
కుర్రాడు పెట్టెకొక చీటీ ఇచ్చి పూర్తిచేయమన్నాడు:
ఈ పుస్తకాల్లో ఏముంది?
చేతితొడుగు తీశాను. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.
బొగ్గు, అని రాశాను. పాలు. బూట్లు.
కాసేపు ఆగి
పెన్సిలు ఎడమచేతికి మార్చుకుని
వంకరటింకరగా
ఎలుకలు.