నడుముకు కట్టిన మగ్గం

ఊరి పేరు హల్.
చలికాలంలో నిజంగానే అచ్చు చేరని హల్లు,
నోట్లోంచి సగం బయటికొచ్చి గడ్డకట్టిన మాట.

స్ప్రింగ్ బ్యాంక్ వీధిలో మూడో అంతస్తు.
రేడియేటర్ గొట్టానికి ఒక తాడు,
రెండో కొస తన నడుముకు.
నేల మీద కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంటుంది బియాంగన్.
రాత్రంతా వృద్ధాశ్రమంలో
ముసలివాళ్లను ఒత్తిగిలబెట్టిన నడుమే అది.

నేనూ అక్కడే, దుప్పట్లు ఉతికే గదిలో.
పొద్దున ఏడున్నరకి డ్యూటీ దిగి
ఆమె ఇంట్లో టీ తాగి పోవడం అలవాటు.
మొదటిసారి అడిగాను, మగ్గమేదీ అని.
నవ్వి వెనక్కి వాలింది.
సడలి పడున్న పడుగు
ఒక్కసారి ఊపిరి బిగబట్టింది.
నాలుగు వెదురు కర్రలు, ఒక చెక్క కత్తి, ఒక తోలు పట్టా.
మిగతాదంతా మనిషి.
ఆమె లేస్తే మగ్గం లేదు.

నేను సాలెల పిల్లని. చెబితే ఎవరూ నమ్మరు.
ఆసు పోశాను, కండెలు చుట్టాను,
బడిలో నా జడ గంజి వాసన కొట్టేది.
నేత మాత్రం నేర్వలేదు.
"ఈ గుంటలో దిగకు" అన్నాడు నాన్న,
తను మోకాళ్ల దాకా అందులోనే ఉండి.
తర్వాత ఒక ఏడాది ఆ మగ్గం కర్రలతోనే
నీళ్లు కాచుకున్నాం. బాగా మండాయి.

ఆమె మగ్గానికి అచ్చు లేదు,
పోగుకీ పోగుకీ ఎడం చెప్పే పళ్ల వరస లేదు.
అంతా వేళ్ల కొసల లెక్క.
హల్ ఊళ్లో అచ్చు లేని మగ్గం!
ఈ పరిహాసం ఏ భాషలో చెప్పాలో తెలీక
నాలో నేనే నవ్వుకున్నాను.

మార్చిలో మ్యూజియం వాళ్లు పిలిచారు.
తోడు వెళ్లాను.
చల్లటి గది, పల్చటి కాగితాలు, పొడుగాటి పెట్టె.
తెల్ల చేతొడుగుల ఫిలిప్పా మెల్లగా మడత విప్పింది:
నలుపూ తెలుపూ చారలు, చుక్కలు, చేతులెత్తిన మనుషులు.
చీటీ మీద: దుప్పటి. ఇగొరోట్. కొండ ప్రాంతం.
"మీ జీవన విధానాన్ని భద్రంగా ఉంచుతున్నాం" అంది.
మంచి మనిషే.

బియాంగన్ ముట్టుకోలేదు.
"ఇది పోయినవాళ్లకి చుట్టేది.
ఎవరి మీంచి తీశారు?"
ఫిలిప్పా పుస్తకం తిరగేసింది.
కొన్నవాడి పేరుంది, ఇచ్చినవాడి పేరుంది,
ఓడ పేరు కూడా ఉంది.

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.
తర్వాత బియాంగన్ వంగి, ఒక మూల వేలు చూపించి
చిన్నగా నవ్వింది:
"ఇదిగో, ఇక్కడ కునికిపాటు పడింది నేసినావిడ."
చూశాను. ఒక పేక, ఒక్కటే, దారి తప్పి ఉంది.

ఏప్రిల్‌లో ఇంటి ఓనరు గొట్టాలు పీకించి
కరెంటు హీటర్లు పెట్టించాడు.
తాడు కట్టడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు.
తలుపు గడియకి కడితే గడియ ఊడింది.
వారం రోజులు కర్రలు చాపలా చుట్టుకుని
మంచం కింద పడున్నాయి.

కూతురు డారిన్‌కి పదమూడేళ్లు, పుట్టింది ఇక్కడే.
నేత బోరంటుంది, కొండ ఊరి పేరు తప్పు పలుకుతుంది.
ఆ పిల్లే విసుక్కుంటూ వచ్చి
గోడకి చేరబడి, "నాకు కట్టు" అంది.
తల్లి ఈ కొస, పిల్ల ఆ కొస.
పిల్ల ఫోన్ చూసుకుంటూనే ఉంది.
ఏదో చూసి పకపకా నవ్వినప్పుడు
పడుగంతా అదిరి
ఒక పేక వంకర పోయింది.
బియాంగన్ దాన్ని విప్పలేదు.

శనివారాలు డారిన్‌కి ఫుట్‌బాల్.
ఆ రోజు గుంజని నేను.
ఆమె చెక్క కత్తితో కొట్టే ప్రతి దెబ్బా
దారాల మీదుగా వచ్చి నా వెన్నులో దిగుతుంది.
ఇది గుంట కాదు నాన్నా,
నేల మీదే కూర్చున్నాను.

టీ చల్లారిపోతోంది.
చెయ్యి చాస్తే అందదు.
లేవడానికి లేదు.