తడిగుడ్డ

సెర్రెస్ ఊళ్లో పిండికి నాలుగున్నరకే తెల్లారుతుంది,
మనుషులకు ఇంకా రెండు గంటలుంది.

పాలరాతి బల్ల మీద ఉండను సాగదీసి
పిడికిళ్ల మీదికెత్తి గాల్లోకి విసురుతాను,
ఆ రాతి మీద మా నాన్న మేకుతో గీసుకున్న
అప్పుల లెక్క
పొరలోంచి చదవగలిగేంత పల్చగా.
ముప్పై ఏళ్లలో నేను నేర్చిన శాస్త్రం ఇంతే:
ఆరిన పొర పగులుతుంది,
వెన్న రాయని పొర పక్కదాన్ని పట్టుకుని వదలదు.
అందుకే నా ఎడమచేతి పక్కన గిన్నెలో వెన్న,
కుడిచేతి పక్కన తడిగుడ్డ.

అండాశయం మీద తిత్తి, అన్నది డాక్టర్ క్లెయోనికి.
పాతబడ్డ నెత్తురు నింపుకుని
పేగును ఆనుకుని కూర్చుందట.

నాకు వెంటనే మేనత్త థెయోపిస్తి గుర్తొచ్చింది.
బొడ్డు నుంచి కిందికి జానెడు కోత.
కుట్లు ముత్యాల్లా పడ్డాయని ఊరంతా మెచ్చుకుంది.
మూడేళ్ల తర్వాత ఎవరిదో నామకరణం విందులో
వేయించిన వంకాయ నోట్లో పెట్టుకుని
అలాగే ముందుకు ఒంగిపోయింది.
లోపల పేగు తోటగొట్టంలా మడతపడిందట,
మానుతూ మానుతూ దేహం అల్లిన దారాలకు చిక్కి.
కుట్టినవాళ్ల తప్పు కాదు.
మానడం ఎక్కడ ఆపాలో ఒంటికి ఎవరూ చెప్పలేదు.
బతికింది. కానీ ఆ తర్వాత
పండగ భోజనాన్ని కూడా చెంచాతో, అనుమానంగా తిన్నది.

"నా పేగులు అతుక్కోవు కదా?"
డాక్టర్ అతుక్కోవు అనలేదు.
అందుకే ఆమెను నమ్మాను.

"గుండీ కాజాలంత రంధ్రాలు నాలుగు," అన్నది.
"లోపలికి ఊదే గాలిని వెచ్చగా, తేమగా పంపుతాను.
అక్కర్లేనిచోట పట్టుకోను,
పట్టుకున్నది లాగను.
కారిన నెత్తురు గడ్డకట్టేలోగా కడిగేస్తాను.
చివర్లో పచ్చిగా ఉన్నచోట ఒక జెల్ పూస్తాను,
పొరలు ఒకదాన్నొకటి తాకకుండా
కొన్నాళ్లు కాపలా కాసి
తర్వాత తనే కరిగిపోతుంది."

"వెన్నా?"

"వెన్నే అనుకో."

"ఖాయమేనా మరి?"

"ఖాయం కాదు, ఎవాంథియా. తగ్గుతుంది."

మర్నాడు మత్తులోకి జారుతూ కూడా
ఆరకుండా చూడండి, ఆరకుండా, అంటూనే ఉన్నానట.
ఆ గదిలో ఎవరికీ అర్థం కాలేదు,
ఆమెకు తప్ప.

లేచేసరికి నొప్పి భుజంలో ఉంది!
పొయ్యి ఒకచోట, పొగ ఇంకోచోట.
లోపల మిగిలిన గాలి పని అది, నడిస్తే పోతుందన్నారు.
సెలైన్ స్టాండును పెంపుడుమేకలా వెంటేసుకుని
వరండా ఆ చివరికీ ఈ చివరికీ నడిచాను.

పొద్దున్నే నర్సుది ఒకటే ప్రశ్న:
"గాలి పోయిందా?"
మధ్యాహ్నం అదే. రాత్రి అదే.
పెళ్లిచూపుల్లో కూడా ఇంత ఆసక్తిగా
నన్నెవరూ ఏదీ అడగలేదు.
మూడోరాత్రి పక్కమంచం ముసలమ్మ జుంబులియా
చీకట్లో చెవి రిక్కించి,
"వచ్చింది!" అని వార్డంతటికీ చాటింది.
తెల్లవార్లూ నవ్వలేక, కుట్లు పట్టుకుని,
నవ్వుతూనే ఉన్నాను.

ఎనిమిదోరోజు దుకాణంలో ఎత్తుపీట మీద కూర్చున్నాను,
బరువులు ఎత్తకూడదు గనుక మాటలే ఎత్తుతూ.
కుర్రాడు బ్లెడార్ విసిరిన పొర బాగానే ఉంది,
ఫోన్ మోగితే అలా వదిలేసి వెళ్లాడు.
అంచులు అప్పుడే తెల్లబడుతున్నాయి.
నాకు తెలియకుండానే అరిచాను, "కప్పరా!"
నా చెయ్యి మాత్రం బల్ల మీదికి పోలేదు,
పొట్ట మీదికి పోయింది.

లోపల ఏం జరుగుతోందో తెలియదు.
తెలుసుకోవాలంటే మళ్లీ తెరవాలి,
తెరవడం దగ్గరే కదా
అతుకు మొదలయ్యేది.

సాయంత్రం మిగిలిన బుగాత్సా ఒక ముక్క,
దాల్చినచెక్క పొడి చల్లుకుని, మెల్లగా నమిలి,
కత్తి కడిగి, గుడ్డ పిండి ఆరేసి,
దీపం ఆర్పేముందు కాసేపు ఆగాను.

గుర్రుమంది.
ఆగి, ఇంకొంచెం కిందుగా, మళ్లీ.