తలకట్టు తీసి, గొడుగు పట్టి

పర్లాకిమిడిలో చాలామంది పిల్లలకి
నోట్లో తెలుగు, పలక మీద ఒడియా.
అమ్మని అమ్మా అనే పిలుస్తారు.
ఆ మాటే తెలుగులో రాసి చూపిస్తే
గోడ మీద బల్లిని చూసినట్టు చూస్తారు.

అందుకే రాత్రిళ్ళు నేను
తెలుగు అక్షరానికి తలకట్టు తీసి
ఒడియా గొడుగు పట్టించేదాన్ని.
పగలు జాకెట్లు కుట్టే వేళ్ళే ఇవి,
కుట్టు కనపడకుండా కుట్టడం వీటికి అలవాటు.

కథ మాది కాదు. కొరియా వాళ్ళది.
దీవిలో దీపస్తంభం కాసే ముసలాడు,
వాడి చెవిటి మనవరాలు. పదహారు భాగాలు.
మా మాటలో దాన్ని అమ్మేవాడు లేడు,
ఉంటే కొనకపోదుమా.
గునుపురం దిల్లేసు ఇంగ్లీషులోంచి తెలుగులోకి దింపేవాడు.
కాశీనగర్ హైమ దిద్దేది:
"నన్ను క్షమించు అని మన ముసలోళ్ళు ఎప్పుడన్నారే?
సర్లే, అన్నం తిను, అని రాయి."
బరంపురం తారిణి ఆ పిల్లకి బొమ్మలు గీసేది,
తమ ఊరి పట్టుతో పరికిణీ తొడిగి.
ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.
పైసా పుచ్చుకోలేదు.
శుక్రవారం వస్తే నాలుగు వందల ఇళ్ళలో
ఆ ముసలాడు మా యాసలో దగ్గేవాడు.

తొమ్మిదో భాగం దగ్గర ఉత్తరం వచ్చింది.
సంతకం లేదు, ఊరు లేదు.
మా రెండు భాషల్లో ఏదీ కాదు.
తప్పు ఒకటి, అంది. తెల్లారితే, రెండు.
మూడోది ఏమిటంటే

మా మామ్మ అసిరమ్మ,
పోయేముందటి వేసవిలో
జీడిపిక్కలు కాలుస్తూ,
రంగూను నించి నడిచొచ్చిన వాళ్ళ నాన్న సంగతి చెప్పింది.
వెనక పక్కింటి రేడియో.
ఏడు సెకన్లు, ఏదో పాట.
జల్లెడ ఆ పాటని గుర్తుపట్టింది.
మామ్మని గుర్తుపట్టలేదు.

ఆ పూటే అన్నీ పోయాయి.
ముసలాడు, మనవరాలు, పరికిణీలు,
కింద జనం రాసుకున్న ఏడుపులు, పరాచికాలు,
రంగూను దారి.
అప్పీలు చేసుకోవచ్చట,
అసలు పేరు, ఇంటి నంబరు రాసి,
ఓడితే ఖర్చులు కడతానని ఒప్పుకుని.
దిల్లేసు గుమస్తా పరీక్షకి చదువుతున్నాడు.
ఆ రాత్రే ఫోన్ నంబరు మార్చేశాడు.
వాణ్ణి నేనేమీ అనను.

పాట కట్టినోడి కూడు లాక్కోమనీ అనను.
కొమ్ముతో కొంగలు చెక్కే బృందావన మహారాణా
మా వీధిలోనే ఉంటాడు.
ఆయన కొంగ మెడ ఒంపుని
ప్లాస్టిక్‌లో పోతపోసి విశాఖ బీచిలో అమ్ముతున్నారని
సంచిలో రెండు కొంగలూ పెట్టుకుని
ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాడో.
"కాయితం ఉందా?" అని అడిగారట.
"మా తాత చెయ్యి ఉంది" అన్నాడట.
అదే చట్టం.
ఆయన గుమ్మం కనపడనిదానికి
నా మిషను బల్లదాకా దారి ఎవరు చెప్పారో.

ఇంకా సన్న జల్లెడ వస్తుందంటున్నారు.
పైకి ఎక్కించకముందే వడగడుతుందట.
అంటే నోరు తెరవకముందే.

నిన్న ఝిలి వచ్చింది, వాళ్ళమ్మ కొలతలకి తోడుగా.
"అక్కా, ముసలాడు దీపం వెలిగించాడా లేదా?"
టేపు మెడలో అలాగే ఉంచుకుని
పాత లెక్కల పుస్తకం వెనక పేజీల్లో
పదో భాగం రాయడం మొదలెట్టాను,
గుర్తున్నంత మటుకు.
గుర్తులేని చోట నా సొంతం.
తెల్లవారుజాముకి ఆ ముసలాడు
అచ్చం మా మామ్మలా మాట్లాడుతున్నాడు.

ఒక కాపీ పాతపట్నంలో హైమ చెల్లెలికి ఇవ్వాలి.
ఆటోవాడు మూట చూసి,
"ఏటమ్మా అది, లగేజీయా?"
"మాటలు."
"మాటలైతే ఒళ్ళోనే ఎట్టుకో.
చెక్‌పోస్టు కాడ ఎవులూ అడగరులే."

రెండు చేతులూ దాని మీదే పెట్టుకున్నాను,
చెక్‌పోస్టు దాటాక కూడా.